ఈస్ట్‌కు తోడెందుకు: బీరు స్టార్టర్ లెక్కలు, విశాఖ వేడి

క్లుప్తంగా: స్టార్టర్ అంటే బీరు తయారీకి ఒకటి రెండు రోజుల ముందు ఈస్ట్‌ను పలచటి మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) నీటిలో వేసి కణాల సంఖ్యను, ఓపికను పెంచుకోవడం. ద్రవరూప ఈస్ట్‌కు ఇది చాలాసార్లు అవసరం. పొడి ఈస్ట్‌కు సాధారణంగా అక్కర్లేదు, కొన్నిసార్లు నష్టం కూడా. విశాఖ గది వేడి ఈస్ట్ పెరగడానికి బాగానే సరిపోతుంది. ఈస్ట్‌ను దాచడానికీ, బీరు పులియడానికీ మాత్రం అదే వేడి శత్రువు. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారు చేయడం ఆంధ్రప్రదేశ్‌లో నేరం.

మే నెలలో విశాఖపట్నంలో రాత్రి తొమ్మిదింటికి తోడేసిన పాలు తెల్లవారుజామునే గట్టిగా తోడుకుని, కాఫీల వేళకు పులుపెక్కుతాయి. డిసెంబరులో అవే పాలు, అదే గిన్నె, ఉదయం ఏడైనా పాలు పాలలాగే ఉంటాయి. అందుకే చలికాలంలో తోడు చెంచా నుంచి చెంచాన్నర అవుతుంది, పాలు కాస్త వేడిగా ఉండగానే కలుపుతారు, గిన్నె బియ్యం డబ్బాలోకి చేరుతుంది. ఎండాకాలంలో నాలుగు చుక్కలతో సరి. ఎవరూ కాగితం మీద రాసుకోని ఈ సర్దుబాటులో ఉన్నది ఒకే లెక్క: ఎన్ని కణాలు వేస్తున్నాం, అవి ఎంత ఓపిక మీదున్నాయి, ఎంత వేడిలో పెడుతున్నాం.

బీరు తయారీలో ఈస్ట్ స్టార్టర్ కూడా ఈ లెక్కే. కాకపోతే పెరుగుకు తోడు నిన్నటి పెరుగులోంచే వస్తుంది, మంచిదో కాదో నాలుక మీద వేసుకుంటే తెలుస్తుంది. బీరుకు తోడు ప్యాకెట్లో, చాలాసార్లు సముద్రాలు దాటి వస్తుంది. అందులో ఎన్ని కణాలు బతికున్నాయో కంటికి కనపడదు. గందరగోళం ఇక్కడే మొదలవుతోంది. ఈస్ట్ ప్యాకెట్లు, మాల్ట్ పొడి ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, చూపించే వీడియోలకూ కొదవ లేదు. ఒక వీడియో స్టార్టర్ లేనిదే బీరు లేదంటుంది, ఇంకొకటి ప్యాకెట్ చింపి చల్లేస్తే చాలంటుంది. రెండూ నిజమే. అవి మాట్లాడుతున్నది రెండు వేర్వేరు రకాల ఈస్ట్ గురించి, అంతే.

ముందు చట్టం సంగతి

కల్లు గీస్తారు, సారా కాస్తారు. బీరుకు మాత్రం తెలుగులో సొంత క్రియ ఏర్పడలేదు, ‘తయారు’ చేయాల్సిందే. ఇళ్లలో ఆ పని ఎన్నడూ లేకపోవడమే బహుశా కారణం. మద్యం రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాకు చెందిన అంశం. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 కింద మద్యం తయారీకి లైసెన్సు ఉండాలి. సొంతంగా తాగడానికే అన్నంత మాత్రాన ఆ అవసరం తప్పదు. ఈ రాష్ట్రం 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధాన్ని అమలు చేసి, 1997లో సడలించింది. దుకాణాలు తెరుచుకున్నాయి గానీ ఇంటి తయారీకి తలుపు తెరుచుకోలేదు.

బ్రిటన్‌లో ఇంటి బీరుకు లైసెన్సు అవసరం 1963లో తొలగింది. అమెరికాలో 1978లో చేసిన ఫెడరల్ చట్టం ఇంటి బీరును పన్ను నుంచి మినహాయించింది. ఆ తర్వాత కూడా ఒక్కో రాష్ట్రం ఒక్కోసారి అనుమతిస్తూ వచ్చింది, అలబామా, మిసిసిపీ 2013 దాకా ఆగాయి. ఇంటర్నెట్‌లో దొరికే స్టార్టర్ పాఠాలు ఎక్కువగా ఆ దేశాల నుంచి వచ్చినవి. అక్కడి చట్టాన్ని, అక్కడి చలిని రెంటినీ అవి ముందే ఊహించుకుని మాట్లాడతాయి.

స్టార్టర్ వరకు చేసుకుంటే తప్పేముందనే ప్రశ్న కూడా వినిపిస్తుంది. స్టార్టర్ పూర్తిగా పులిస్తే దాని మీది తేటలో మూడు శాతానికి పైగా ఆల్కహాల్ ఉంటుంది. అంటే అది రుచి లేని చిన్న బీరే. కాబట్టి ఈ విషయం నేరుగా పనికొచ్చేది బీరు తయారీ చట్టబద్ధమైన దేశాల్లో ఉన్న విశాఖవాసులకు, లైసెన్సున్న బ్రూవరీల్లో, ప్రయోగశాలల్లో పనిచేసేవారికి. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం బంటుపల్లిలో ఉన్నలాంటి పెద్ద బీరు ఫ్యాక్టరీలో కూడా ఈస్ట్ పెంచే సూత్రం ఇదే, ఫ్లాస్కు బదులు ఉక్కు ట్యాంకులు ఉంటాయి. ఇంట్లో రొట్టె చేసుకునేవారికీ ఇందులో కొంత అక్కరకొస్తుంది.

పద్దెనిమిది వేల కోట్ల కణాలు

బార్లీ మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెట్టి, వడకట్టి, చేదునిచ్చే హాప్స్ పూలు వేసి మరిగించిన తీపి కషాయాన్ని వర్ట్ అంటారు. దీనికి ఎంత ఈస్ట్ వేయాలన్నదానికి పరిశ్రమలో చాలాకాలంగా వాడుకలో ఉన్న ఒక కొలత ఉంది. కాస్త వెచ్చగా పులిసే ఏల్ రకం బీరుకు ప్రతి మిల్లీలీటరు వర్ట్‌కు, అందులోని చక్కెర సాంద్రత ప్రతి ప్లాటో డిగ్రీకి 7.5 లక్షల కణాలు. చల్లగా పులిసే లాగర్ రకానికి దానికి రెట్టింపు, 15 లక్షలు. ప్లాటో డిగ్రీ అంటే స్థూలంగా నూరు గ్రాముల వర్ట్‌లో ఎన్ని గ్రాముల చక్కెర పదార్థం ఉందనే లెక్క.

ఇంటి బ్యాచ్ మామూలుగా 20 లీటర్లు, సాంద్రత 12 ప్లాటో అనుకుంటే, 20,000 మిల్లీలీటర్లను 12తో, 7.5 లక్షలతో గుణించాలి. వచ్చేది 18,000 కోట్ల కణాలు. లాగర్ అయితే 36,000 కోట్లు. ఒక ద్రవ ఈస్ట్ ప్యాకెట్లో తయారైన రోజున ఉండేది సుమారు 10,000 కోట్లు. తాజా ప్యాకెట్ అయినా ఏల్‌కు సగం చిల్లర మాత్రమే సరిపోతుంది, లాగర్‌కు మూడో వంతు కూడా రాదు.

తక్కువ వేస్తే ఏమవుతుంది? బీరు అవుతుంది, కానీ ఆలస్యంగా. ఉన్న కొద్ది కణాలు అవసరమైన సంఖ్యకు చేరడానికి ఎక్కువసార్లు విభజన చెందాలి. ఆ పెరుగుదల సమయంలోనే వాసనలిచ్చే పదార్థాలు ఎక్కువగా పుడతాయి. మొదటి నురగ కనపడటానికి పట్టే ఆ ఖాళీ గంటల్లో తీపి కషాయం ఎవరు ముందొస్తే వారిదే. అనుకూలమైన వేడిలో బాక్టీరియా అరగంటకే రెట్టింపు కాగలదు, ఈస్ట్‌కు గంటన్నర, రెండు గంటలు పడుతుంది. వేగంలో ఈస్ట్ గెలవలేదు. సంఖ్యాబలంతో గెలవాలి. పెరుగు తోడులోనూ జరిగేది అదే, పాలలో ఎలాగూ ఉన్న ఇతర జీవుల కంటే ముందు మంచి బాక్టీరియా కోట్లలో దిగిపోవడం.

ప్యాకెట్ విశాఖ చేరేసరికి

ద్రవ ఈస్ట్ బతికున్న జీవి. తిండి లేకుండా చల్లగా నిద్రపోతూ తన నిల్వలనే తింటూ ఉంటుంది. ఫ్రిజ్‌లో నెలకు సుమారు 20 శాతం కణాలు చనిపోతాయని ఇంటి తయారీదారులు లెక్క వేసుకుంటారు. ఇది నియమం కాదు, జాగ్రత్త కోసం పెట్టుకున్న అంచనా. ఈస్ట్ రకాన్ని బట్టి, ప్యాకింగ్‌ను బట్టి మారుతుంది. ఆ లెక్కన రెండు నెలలకు 10,000 కోట్లు 6,400 కోట్లవుతాయి.

ఇది ఫ్రిజ్ లెక్క. ద్రవ ఈస్ట్‌ను ఐస్ ప్యాక్‌తో పంపినా, ఎండాకాలంలో కొరియర్ గోడౌన్‌లో ఒక పూట, డెలివరీ బండి పెట్టెలో ఇంకో పూట గడిస్తే ఐస్ నీరైపోతుంది. వేడిలో కణం పనులన్నీ వేగమవుతాయి, నిల్వ ఉన్న గ్లైకోజెన్, ట్రెహలోజ్ త్వరగా ఖర్చవుతాయి. ట్రెహలోజ్ అనేది ఈస్ట్ కష్టకాలానికి దాచుకునే చక్కెర, కణం పొరలను వేడి నుంచి, ఎండుదల నుంచి కాపాడేది కూడా అదే. అది అయిపోయాక కణం ఎంతోకాలం నిలవదు. ప్యాకెట్ మీద తేదీ ఒక్కటే చూస్తే ఈ ప్రయాణం కథ తెలియదు.

ప్రయోగశాలలో దీన్ని తేల్చే పద్ధతి సులువే. ఈస్ట్ చుక్కను మెథిలీన్ బ్లూతో కలిపి, గళ్లున్న గాజుపలక మీద సూక్ష్మదర్శినిలో చూస్తారు. బతికున్న కణం రంగును విరిచేసి తెల్లగా కనిపిస్తుంది, చచ్చినది నీలంగా మిగిలిపోతుంది. గళ్లలో లెక్కపెట్టి గుణించడమే. సూక్ష్మదర్శిని లేనివారికి స్టార్టరే పరీక్ష. ఒకటిన్నర రోజులో నురగ రాకపోతే, అడుగున మడ్డి పెరగకపోతే, ఇరవై లీటర్ల వర్ట్ బదులు ఒక లీటరుతో నష్టం తీరిపోతుంది. స్టార్టర్ చేసే రెండు పనుల్లో కణాలను పెంచడం గురించే అందరూ మాట్లాడతారు. వేడి ప్రాంతంలో ఈ రెండో పని, బతికుందో లేదో ముందే చెప్పడం, దానికంటే తక్కువేం కాదు.

కల్లుకుండకు కడగని అంచు

ఈస్ట్‌కు తోడు పెట్టడం ఈ నేలకు కొత్త కాదు, పేరే కొత్త. తాటి చెట్టు మీద కట్టిన లొట్టిలోకి గెల కొస నుంచి చుక్కచుక్కగా దిగే నీరు తియ్యగా ఉంటుంది. లొట్టి గోడలకు పట్టిన నిన్నటి మడ్డి, గాలి, ఈగలు, గీత కత్తి, వీటన్నిటి నుంచీ ఈస్ట్, బాక్టీరియా అందులో పడతాయి. తెల్లారి దించేసరికే పులుపు మొదలై ఉంటుంది, మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది. అరకు వైపు జీలుగు కల్లు కథా ఇదే. పులవకూడదనుకుంటే, తాటి బెల్లానికో నీరాకో కావాలనుకుంటే, లొట్టి లోపల సున్నం పూస్తారు. క్షారం ఎక్కువైతే ఈస్ట్ పెరగదు. అంటే గీత పని చేసేవారి చేతిలో స్టార్టరూ ఉంది, దాన్ని ఆపే మందూ ఉంది.

సరిహద్దుకు అటువైపు ఒడిశా, జార్ఖండ్‌లలో హండియా అనే బియ్యపు పానీయానికి రాను అనే ఎండు బిళ్లలు వాడతారు. వాటిలో ఈస్ట్‌తో పాటు పిండిని చక్కెరగా మార్చే బూజు జాతులు కూడా ఉంటాయి, ఎందుకంటే బియ్యంలో ఉన్నది పిండి, ఈస్ట్‌కు పిండి అరగదు. బార్లీలో ఆ మార్పు మొలకెత్తినప్పుడు పుట్టే ఎంజైములు చేస్తాయి. అందుకే బీరుకు బూజు అక్కర్లేదు.

కల్లులో, హండియాలో పనిచేసేది ఒక గుంపు. ఆధునిక బీరు అడిగేది ఒకే ఒక్క రకం, మరొకటి కలవకుండా. 1516 నాటి బవేరియా బీరు శాసనంలో బార్లీ, హాప్స్, నీరు మాత్రమే ఉన్నాయి, ఈస్ట్ ఊసు లేదు. అది జీవి అని అప్పటికి తెలియదు. పులియబెట్టేది జీవి అని పంతొమ్మిదో శతాబ్దంలో లూయీ పాశ్చర్ చూపించాడు. 1883లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచాడు. ఒక్క కణం నుంచి ట్యాంకు దాకా రావాలంటే మెట్లు మెట్లుగా పెంచడం తప్పదు: కొన్ని మిల్లీలీటర్లు, తర్వాత వంద, తర్వాత లీటరు, ఆ పైన పదిరెట్లు. ఇంటి స్టార్టర్ ఆ మెట్లలో ఒక మెట్టు.

ఒక లీటరు, ముప్పై ఆరు గంటలు

పద్ధతి చిన్నదే. లీటరు నీటికి 100 గ్రాముల ఎండు మాల్ట్ పొడి. సాంద్రత, నీటిది 1.000 అనుకుంటే, 1.036 దగ్గర ఉంటుంది. పొడి తేమను ఇట్టే పీల్చుకుని గడ్డకడుతుంది, విశాఖ గాలిలో మరీను. ప్యాకెట్ విప్పి పక్కన పెట్టి ఫోను మాట్లాడి వస్తే చెంచాకు రాయిలా అంటుకుంటుంది. చల్లటి నీళ్లలోనే కలిపి, పది పదిహేను నిమిషాలు మరిగిస్తారు. పాలు పొంగినట్టే పొంగుతుంది, కాబట్టి పొయ్యి దగ్గర నుంచి కదలకూడదు. మూత పెట్టి గిన్నెను చల్లనీళ్లలో దించి, 25 డిగ్రీలకు చేరాక మరిగించిన ఫ్లాస్కులోకి పోసి, ఈస్ట్ కలిపి, మూతి మీద అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పుతారు. బిగించకూడదు. పుట్టే కార్బన్ డయాక్సైడ్‌కు దారి లేకపోతే గాజు పగులుతుంది.

మొదటి నాలుగైదు గంటలు ఏమీ జరగనట్టే ఉంటుంది. కషాయం లేత తేనె రంగులో, లోపల వెలుగు పారేలా ఉంటుంది. తర్వాత మసక కమ్ముతుంది, ఫ్లాస్కు వెనక పెట్టిన వేలు కనపడదు. పది పన్నెండు గంటలకు రంగు పాలు తక్కువైన టీలా మారుతుంది, అంచుల్లో సన్నటి నురగ గీత కడుతుంది, ఫ్లాస్కును కదిపితే బుస్సుమని బుడగలు లేస్తాయి. కలియబెట్టే యంత్రం మీద పెట్టిన స్టార్టర్‌లో పెద్ద నురగ రాకపోవచ్చు, గ్యాస్ పుట్టింది పుట్టినట్టే పోతుంది. నురగ చూడలేదని పారబోసేవారు ఇక్కడే పొరబడతారు. ఇరవై నాలుగు గంటలు దాటాక ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి ఫ్లాస్కు రెండుగా విడిపోతుంది: పైన టీ డికాక్షన్ లాంటి తేట, అడుగున చిక్కటి గంజిలా తెల్లటి పొర. ఆ పొరే సరుకు. పైతేట వంచేసి, మిగిలిన కాస్త ద్రవంలో మడ్డిని గిలకరించి బీరులోకి పోస్తారు.

తేటను ఎందుకు పారబోయాలి? వేడిలో, గాలి తగులుతూ పులిసింది కాబట్టి రుచి బాగుండదు. 20 లీటర్లలో ఒక లీటరు కలిస్తే పెద్దగా తెలియకపోవచ్చు. లాగర్ కోసం మూడు నాలుగు లీటర్ల స్టార్టర్ చేసినప్పుడు బీరులో ఐదో వంతు దాకా అదే అవుతుంది.

సంఖ్య సంగతికొస్తే, కలియబెడుతూ పెంచిన స్టార్టర్‌లో గ్రాము మాల్ట్ పొడికి సుమారు 140 కోట్ల కొత్త కణాలు వస్తాయని వాడుకలో ఉన్న అంచనా. పైన చెప్పిన రెండు నెలల ప్యాకెట్ తీసుకుంటే, 6,400 కోట్లకు 100 గ్రాముల మాల్ట్ మీద 14,000 కోట్లు చేరి 20,400 కోట్లవుతాయి. ఏల్‌కు కావలసిన 18,000 కోట్లు దాటాయి. ఫ్లాస్కును కదపకుండా వదిలేస్తే పెరుగుదల అందులో సగం కూడా ఉండకపోవచ్చు. యంత్రం లేనివారు దారిన పోతూ వస్తూ ఫ్లాస్కును గిరగిరా తిప్పినా ఎంతో కొంత లాభమే. ఆ యంత్రం కూడా గొప్ప వస్తువేమీ కాదు. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబుల్లో ఉండే మ్యాగ్నెటిక్ స్టిర్రర్. పాత కంప్యూటర్ ఫ్యాన్‌కు అయస్కాంతం అంటించి సొంతంగా చేసుకునేవారూ ఉన్నారు.

గాలి ఎందుకు కావాలి

ఈస్ట్ గాలి లేకుండా ఆల్కహాల్ చేస్తుందని బడిలో చదువుకున్నవారికి కలియబెట్టడం విడ్డూరంగా అనిపిస్తుంది. గాలి ఉంటే ఈస్ట్ ఆల్కహాల్ చేయడం మానేసి పెరుగుతుందని ఒక వివరణ తిరుగుతుంటుంది. అది సగమే సరి. చక్కెర ఎక్కువగా ఉన్నచోట ఈ ఈస్ట్ గాలి ఉన్నా లేకున్నా ఆల్కహాలే చేస్తుంది. దీన్ని క్రాబ్‌ట్రీ ప్రభావం అంటారు. బేకరీ ఈస్ట్ ఫ్యాక్టరీలు దీన్ని తప్పించడానికే మొలాసిస్‌ను ఒక్కసారిగా పోయకుండా, కణాలు తిన్నంత మేరకే సన్నధారగా వదులుతూ, గాలిని బలంగా ఊదుతాయి. ఫ్లాస్కులో అది కుదరదు, చక్కెర మొత్తం మొదటి నిమిషం నుంచే ఉంది.

మరి స్టార్టర్‌లో ఆక్సిజన్ పనేమిటి? కణం పొర కట్టుకోవడానికి కావలసిన స్టెరాల్స్, అసంతృప్త కొవ్వు ఆమ్లాలు ఆక్సిజన్ లేకుండా తయారుకావు. తల్లి కణం మొగ్గ తొడిగి పిల్ల కణాన్ని విడిచిన ప్రతిసారీ తన స్టెరాల్స్‌లో సగం పంచిచ్చేస్తుంది. నాలుగైదు తరాలకు అందరికీ మిగిలేది పలచటి పొరే. అలాంటి కణం ఆల్కహాల్ పెరిగేకొద్దీ తట్టుకోలేదు, బీరు చివర్లో తీపి మిగిల్చి అడుగుకు చేరిపోతుంది. కలియబెట్టడం వల్ల ఆక్సిజన్ అందుతుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, కణాలు అడుగున పేరుకోకుండా తేలుతూ తిండి అందుకుంటాయి.

వేడికి ఇక్కడొక చిన్న చిక్కుంది. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9.1 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర 7.6 మాత్రమే. వర్ట్‌లో చక్కెర వల్ల ఇంకాస్త తక్కువ. విశాఖలో యంత్రం లేకుండా చేసే స్టార్టర్‌ను మరింత తరచుగా తిప్పాల్సిందే.

బెల్లం నీళ్లు, చోడి మాల్ట్

మాల్ట్ పొడి ధర చూసి ప్రత్యామ్నాయాలు వెతకడం సహజం. అనకాపల్లి బెల్లం పక్కనే ఉంది. బెల్లంలో ఈస్ట్ చక్కగా పులుస్తుంది కూడా. కానీ బెల్లం దాదాపు సుక్రోజ్. వర్ట్‌లో ముఖ్య చక్కెర మాల్టోజ్. మాల్టోజ్‌ను లోపలికి లాక్కునే ద్వారాలు ఈస్ట్ అవసరమైనప్పుడే తెరుస్తుంది, తేలిక చక్కెరలు అందుబాటులో ఉంటే వాటిని మూసేసుకుంటుంది. బెల్లం మీద పెరిగిన ఈస్ట్‌ను వర్ట్‌లో వేస్తే మళ్లీ అలవాటు పడటానికి సమయం పడుతుంది. పైగా కొత్త కణం కట్టాలంటే నైట్రోజన్ కావాలి, జింక్ కావాలి. మాల్ట్‌లో అమైనో ఆమ్లాలు ఉంటాయి, బెల్లంలో అంతగా ఉండవు.

ఉత్తరాంధ్రలో ఇంకో అయోమయం మాట వల్ల వస్తుంది. ఇక్కడ మాల్ట్ అంటే చోడి మాల్టే గుర్తొస్తుంది. చోళ్లు వేయించి పట్టించిన పిండిలో ఉన్నది పిండిపదార్థమే, ఎంజైములు వేపుడులో చచ్చిపోయాయి. మొలకెత్తించి, నీడన ఆరబెట్టి పట్టించిన చోడిపిండిలో ఎంజైములు ఉంటాయి గానీ దాన్ని తగిన వేడిలో నానబెట్టి చక్కెర దించుకోవాలి, నేరుగా మరిగిస్తే జావే వస్తుంది. మాల్ట్ పేరుతో అమ్మే పాలపొడి పానీయాలూ స్టార్టర్‌కు పనికిరావు. వాటిలోని పాల చక్కెర, లాక్టోజ్, ఈ ఈస్ట్‌కు అరగదు.

సాంద్రత పెంచితే ఎక్కువ కణాలు వస్తాయన్న ఆశ కూడా ఫలించదు. 1.040 దాటితే చక్కెర ఒత్తిడికి కణాలు నీరు కోల్పోతాయి, చివర్లో ఆల్కహాల్ దెబ్బ ఎక్కువ. అవి సంఖ్యలో పెరిగినా ఓపికలో తగ్గుతాయి.

పొడి ఈస్ట్ దారి వేరు

పొడి ఈస్ట్‌ను ఫ్యాక్టరీలో గాలి పుష్కలంగా ఇస్తూ, తిండి కొద్దికొద్దిగా పెడుతూ పెంచుతారు. ఆరబెట్టే సమయానికి స్టెరాల్స్, ట్రెహలోజ్ నిండుగా ఉంటాయి. దాన్ని స్టార్టర్‌లో వేస్తే ఆ నిల్వలు అక్కడే ఖర్చయిపోతాయి. ఫ్యాక్టరీ కట్టిచ్చిన చద్ది మూటను వాకిట్లోనే విప్పి తినేసినట్టు. తయారీదారులు సాధారణంగా ఏల్‌కు 100 లీటర్లకు 50 నుంచి 80 గ్రాములు చెబుతారు, అంటే 20 లీటర్లకు 10 నుంచి 16 గ్రాములు. 11.5 గ్రాముల ప్యాకెట్ ఒకటి చాలు, బలమైన బీరయితే రెండు. స్టార్టర్‌కయ్యే మాల్ట్, గ్యాస్, శ్రమ కంటే రెండో ప్యాకెట్ నయం. చాలా రకాలను నేరుగా వర్ట్ మీద చల్లొచ్చని ఇప్పుడు ప్యాకెట్ మీదే రాస్తున్నారు.

బేకరీ ఈస్ట్ కూడా ఇదే జాతి, సాకరోమైసిస్ సెరివిసియే. పిండిని వేగంగా పొంగించడానికి ఎంపిక చేసిన రకం కాబట్టి బీరులో అడుగుకు సరిగ్గా దిగదు, లవంగం లాంటి ఘాటు కూడా రావొచ్చు. రొట్టెకు స్టార్టర్ ఎందుకు కడతారన్నది వేరే లెక్క, అక్కడ పులుపు, వాసన కావాలి. బీరు స్టార్టర్‌లో పులుపు వచ్చిందంటే ఏదో పాడైనట్టే.

వేడి ఎక్కడ మేలు, ఎక్కడ చేటు

పాశ్చాత్య పాఠాల్లో స్టార్టర్‌ను 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంచమంటారు. విశాఖలో మే, జూన్ నెలల్లో అర్ధరాత్రి కూడా గది 30 డిగ్రీల దగ్గరే ఉంటుంది. దీన్ని చూసి స్టార్టర్ ఇక్కడ కుదరదనుకోవడం పొరపాటు. ఏల్ ఈస్ట్ అత్యంత వేగంగా పెరిగేది 30 డిగ్రీల చుట్టుపక్కలే. స్టార్టర్‌లో వాసనలు పాడైతే పాడవనీ, ఆ తేటను ఎలాగూ పారబోస్తాం. కావలసింది కణాలు. లాగర్ ఈస్ట్ విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి, అది 34 డిగ్రీలు దాటితే పెరగడం మానేస్తుంది. ఎండ తగిలే కిటికీ పక్క, ఫ్రిజ్ వెనక, వేడెక్కే స్టిర్రర్ మోటారు మీద, ఆ గీత దాటడం కష్టమేం కాదు.

బీరు దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ఏల్‌కు 18 నుంచి 22, లాగర్‌కు 9 నుంచి 13 డిగ్రీలు కావాలి. పులిసేటప్పుడు పుట్టే సొంత వేడికే 20 లీటర్ల పాత్ర గది కంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. 30 డిగ్రీల గదిలో అది 34 దగ్గరికి పోతుంది. ఫలితం, అరటిపండు వాసన, నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం ఘాటు, గొంతులో మంట పెట్టే భారీ ఆల్కహాల్స్. ఎంత మంచి స్టార్టర్ వేసినా దీన్ని సరిదిద్దలేదు. పైగా 30 డిగ్రీల స్టార్టర్‌ను 12 డిగ్రీల వర్ట్‌లోకి నేరుగా పోస్తే కణాలు జడుసుకుని పని ఆపేస్తాయి. ముందు ఫ్రిజ్‌లో తేర్చి, పోసే వేళకు వర్ట్ వేడికి దగ్గరగా తేవడమే దారి. లైసెన్సున్న మైక్రోబ్రూవరీ పెట్టుబడిలో పెద్ద వాటా ఈస్ట్‌కు కాక చల్లబరిచే యంత్రాలకు పోవడం ఇందువల్లే.

వేడిని తట్టుకునే ఈస్ట్ కూడా ఉంది, అదీ చలిదేశం నుంచే. నార్వే పడమటి పల్లెల్లో రైతు కుటుంబాలు తరతరాలుగా వాడుతున్న క్వైక్ రకాలు 30 నుంచి 40 డిగ్రీల మధ్య శుభ్రంగా పులుస్తాయి. కాచిన వర్ట్‌ను గోరువెచ్చగా ఉండగానే ఈస్ట్‌తో కలిపే అలవాటు వల్ల అవి అలా తయారయ్యాయి. బీరు అయ్యాక మడ్డిని చెక్క గొలుసులకు, గడ్డి చుట్టలకు పూసి ఆరబెట్టి, మళ్లీ కావలసినప్పుడు వర్ట్‌లో ముంచేవారు. రాను బిళ్లకు దూరపు చుట్టం అన్నమాట. ఈ రకాలకు మామూలు కంటే తక్కువ కణాలు చాలు, చాలాసార్లు స్టార్టరే అక్కర్లేదు. తీర నగరాల వేడికి ఇంతకంటే సూటిగా సరిపోయే ఈస్ట్ లేదు.

దాచుకోవడం

అవసరానికి మించి పెంచి, మిగిలిన మడ్డిని ఉడికించిన సీసాలో పోసి ఫ్రిజ్‌లో దాచుకోవడం స్టార్టర్ వల్ల వచ్చే ఇంకో వెసులుబాటు. నాలుగు డిగ్రీల దగ్గర కొన్ని వారాలు నిలుస్తుంది, తర్వాత వాడాలంటే మళ్లీ స్టార్టరే. పైతేట మీద పొర కట్టినా, ఘాటైన వెనిగర్ పులుపు తగిలినా, మడ్డి గోధుమరంగుకు తిరిగి మాడిన రబ్బరు వాసన కొట్టినా ఇక వాడకూడదు. చివరిది ఈస్ట్ కణాలు తమను తామే అరిగించుకున్నప్పుడు వచ్చే వాసన.

మరిగించిన వర్ట్‌ను, ఈస్ట్ వేయకుండా, సీసాల్లో గది వేడిలో నిల్వ ఉంచడం మాత్రం ప్రమాదం. మామూలుగా మరిగిస్తే బొటులిజం కలిగించే క్లాస్ట్రిడియం బీజాలు చావవు. గాలి లేని, పులుపు తక్కువైన తీపి ద్రవం వాటికి అనువైన చోటు. వాటిని చంపాలంటే 121 డిగ్రీలు కావాలి, అంటే ప్రెషర్ కుక్కర్‌లో పూర్తి ఒత్తిడి మీద 15 నుంచి 20 నిమిషాలు. ఏ పూటకాపూట మరిగించి వాడుకుంటే ఈ బెడద లేదు.

ఫ్రిజ్ మీద ఆధారపడ్డ నిల్వకు ఇక్కడ మరో పరీక్ష ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకాక నగరంలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ద్రవ ఈస్ట్ సీసా ఒక్క రోజులోనే గది వేడికి చేరుతుంది, మూత బిగించి ఉంటే లోపల గ్యాస్ కూడా పెరుగుతుంది. చేయగలిగింది మూత వదులు చేయడం, కరెంటు వచ్చాక చిన్న స్టార్టర్‌తో బతికుందో లేదో చూసుకోవడం. పొడి ఈస్ట్ ప్యాకెట్, చింపకుండా ఉంటే, ఆ రోజులన్నీ అల్మారాలోనే ఉండగలదు.